చిన్నపిల్లలకు నాట్యం: ముందు వరుసలో ఎవరు, డప్పు ఎవరి చేతిలో?

తెలుగులో సొంత గొప్పలు చెప్పుకునే మనిషిని ‘డప్పు కొట్టుకుంటున్నాడు’ అంటాం. కోపంతో ఊగిపోయే మనిషిని ‘చిందులు తొక్కుతున్నాడు’ అంటాం. ఎవరి బండారమైనా బయటపడితే ‘వాడి భాగోతం తెలిసిపోయింది’ అంటాం. మంచి మాటకారిని మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ‘ఆయన నాలుక మీద సరస్వతి నాట్యం చేస్తుంది’ అంటాం. డప్పు మాదిగల చేతి వాద్యం. చిందు, మాదిగలకు ఆశ్రితులైన చిందు కళాకారుల ఆట. ఐదేళ్ల పిల్ల కాళ్లకు గజ్జెలు కట్టకముందే ఏ ఆటకు గౌరవం ఉందో, ఏ ఆట తిట్టుగా మారిందో భాష ఆమెకు నేర్పేసి ఉంటుంది.

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు నాట్యం నేర్పడం గురించిన వ్యాసం ఇది. ‘నాట్యం’ అనే హోదా ఏ ఆటలకు ఎలా దక్కింది, వాడల్లో పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారు, క్లాసులో కులం ఏయే చోట్ల పనిచేస్తుంది, చట్టం ఏం చెబుతుంది, వివక్ష లేకుండా ఎలా నేర్పవచ్చు అనేవి ఇందులో ఉన్నాయి. బడుల్లో, అంగన్‌వాడీల్లో, సాయంత్రం ట్యూషన్ సెంటర్లలో పనిచేసే కార్యకర్తలకు, బీఈడీ, డీఈడీ విద్యార్థులకు ఉపయోగపడాలని దీని ఉద్దేశం.

ఏది ‘నాట్యం’ అయింది

నేడు పిల్లలకు నాట్యం అనగానే పట్టణ మధ్యతరగతి ఇంట్లో గుర్తొచ్చేది కూచిపూడి, లేదా భరతనాట్యం. కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామంలో ఈ ఆట బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల చేతిలో ఉండేది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. వాళ్లనూ అప్పట్లో భాగవతులనే పిలిచేవారు. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో వీధిలో రాత్రంతా సాగే భాగవతం, వేదిక మీద ఆడపిల్లలు చేసే సోలో నృత్యంగా స్థిరపడింది. ఈ ఆటలో బ్రాహ్మణ పురుషత్వం ఎలా నిర్మాణమైందో హర్షిత మృత్యింటి కామత్ 2019లో వెలువడిన ‘ఇంపర్సనేషన్స్’ పుస్తకంలో వివరంగా చర్చించారు.

అదే కాలంలో మరో ఆట వేదిక దిగింది. గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో గుళ్లలో, జమీందారుల కొలువుల్లో, పెళ్లి మేజువాణీల్లో తరతరాలుగా ఆడినవాళ్లు కలావంతుల స్త్రీలు. 1947 మద్రాసు దేవదాసీ చట్టం గుడికి అంకితం చేయడాన్ని నిషేధించింది. గుడి ఆవరణలో, ఊరేగింపుల్లో వాళ్ల నృత్యాన్నీ నిషేధించింది. ఆ స్త్రీలకు ఆట పోయింది, తిట్టు మాత్రం మిగిలింది. వాళ్ల అభినయం మాత్రం గౌరవనీయ కుటుంబాల పిల్లల పాఠంగా కొనసాగింది. గోదావరి జిల్లాల్లో ఈ స్త్రీలు తమ పాటలను, అభినయాన్ని ఇళ్లలోనే గుర్తుపెట్టుకున్న తీరును డేవేశ్ సోనేజీ 2012 నాటి ‘అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్’లో నమోదు చేశారు.

కలావంతులు దళితులు కారు. దళిత ఆడపిల్లల విషయంలో నాట్యం చరిత్ర ఇంకా కఠినమైనది. తెలంగాణ పల్లెల్లో మాల, మాదిగ ఆడపిల్లలను గ్రామదేవత పేరుతో జోగినులుగా మార్చారు. జాతరలో, ఊరేగింపులో, పీనుగు ముందు ఆడటం ఆ పిల్ల బాధ్యత. ఆ తర్వాత ఆమె ఊరి పెత్తందార్ల సొత్తు. భాగ్యరెడ్డి వర్మ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే దీనికి వ్యతిరేకంగా పనిచేశారు. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల పునరావాసానికి ఏళ్ల తరబడి కృషి చేశారు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మహారాష్ట్రలో తమాషా ఆడిన దళిత స్త్రీల అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంటుంది. ఆట ద్వారా వచ్చిన బతుకుదెరువు, ఆట వల్ల వచ్చిన అవమానం రెండూ ఒకే ఒంటి మీద ఎలా మోశారో శైలజా పాయిక్ 2022 నాటి ‘ద వల్గారిటీ ఆఫ్ క్యాస్ట్’లో చెప్పారు.

ఈ చరిత్ర తెలియకపోతే ఒక విషయం అర్థం కాదు. వార్షికోత్సవంలో పాపను ఆడనివ్వమని టీచర్ అడిగితే ‘మా పిల్ల నలుగురిలో ఎగరొద్దమ్మా’ అని దళిత తల్లి అనవచ్చు. టీచర్ దాన్ని చాదస్తం అనుకుంటుంది. తల్లికి మాత్రం తన మేనత్తో, అమ్మమ్మో, ఊళ్లో మరొకరో ఎవరి ముందు ఎందుకు ఆడాల్సి వచ్చిందో గుర్తుంటుంది. ఆ భయానికి జవాబు చెప్పకుండా పిల్లను వేదిక ఎక్కించడం సరికాదు. ఎవరి ముందు ఆడుతుంది, ఏ పాటకు, ఏ బట్టల్లో, వీడియో ఎవరు తీస్తారు అనేవి ముందుగా ఆ తల్లితో మాట్లాడాలి.

పాట సంగతి చిన్నది కాదు. బడి వేదికల మీద ఎక్కువగా వినిపించేది సినిమా పాటే. పెద్దవాళ్ల కోసం కూర్చిన కదలికలను చిన్నపిల్లలతో చేయించే డాన్స్ రియాలిటీ షోల విషయంలో సంయమనం పాటించమని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకు సూచన జారీ చేసింది. బడులు కూడా దీన్ని పట్టించుకోవాలి.

వాడలో ఉన్న బడి

‘మా ఊళ్లో నాట్యం నేర్పేవాళ్లు లేరు’ అని చెప్పే చాలా ఊళ్లలో డప్పు నేర్పే మనిషి ఉంటాడు. ఆయన్ను ఎవరూ గురువు అనరు.

డప్పు అంటే గుండ్రని చట్రానికి చర్మం బిగించిన వాద్యం. భుజానికి తగిలించుకుని, కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్రతో, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్లతో కొడతారు. చర్మం బిగువెక్కడానికి ముందుగా మంట దగ్గర కాపుతారు. దరువులను దెబ్బల లెక్కతో గుర్తుపెట్టుకుంటారు. కొడుతూనే అడుగు వేస్తారు, వంగుతారు, తిరుగుతారు, వరుస నుంచి వలయంలోకి మారతారు. చేతి దెబ్బ, కాలి అడుగు విడివిడి పాఠాలు కావు. పిల్లలు పెద్దల పక్కన నిలబడి, రేకు డబ్బా మీదో పళ్లెం మీదో కొట్టి చూసుకుంటూ, ముందు చెవితో, తర్వాత కాలితో, చివరికి చేతితో నేర్చుకుంటారు. తప్పు కొడితే దరువు ఆగదు. పిల్ల మళ్లీ అందుకునేదాకా పెద్దలు సాగిస్తూనే ఉంటారు. పిల్లలకు లయ నేర్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి వెతకడం కష్టం.

చిందు యక్షగానంలో కుటుంబమంతా మేళమే. కూచిపూడిలో ఆడవాళ్లకు చోటు లేని కాలంలో కూడా చిందు మేళంలో స్త్రీలు వేషం కట్టారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ చిన్నతనం నుంచే ఆడి, 2005లో కన్నుమూసేనాటికి ఈ కళకే పేరుగా నిలిచారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఈ మేళాలు ఆడే జాంబ పురాణం, లోకం కంటే ముందే జాంబవుడు పుట్టాడని చెబుతుంది. తన వాళ్లు కథకు మొదట్లో నిలబడటాన్ని పిల్ల అక్కడ చూస్తుంది. పుస్తకాల్లో ఆ అవకాశం ఆమెకు అరుదుగా దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛన్లలో డప్పు కళాకారులకు ప్రత్యేక విభాగం ఉంది. అది మంచిదే. అయితే ఆ గుర్తింపు వయసు మళ్లిన కళాకారుడికి అందే సాయం రూపంలో వచ్చింది. వారానికి రెండు గంటలు ఒకటో తరగతి పిల్లలకు నేర్పి, దానికి జీతం తీసుకునే ఉపాధ్యాయుడిగా ఆయన్ను బడి ఇంకా చూడటం లేదు.

క్లాసులో కులం పనిచేసే చోట్లు

చిన్నపిల్లల నాట్యం క్లాసులో కులాన్ని ఎవరూ నోటితో చెప్పరు. అది ఏర్పాట్లలో కనిపిస్తుంది.

*వరుస.* ముందు వరుసలో ఎవరిని నిలబెట్టారు? ‘అందంగా కనిపించాలి’ అనే మాట వెనుక తెల్లగా ఉన్న పిల్లలు ముందుకు, నల్లగా ఉన్న పిల్లలు వెనక్కి వెళతారు. వెనక నిలబడ్డ పిల్లకు టీచర్ పాదాలు కనిపించవు కాబట్టి ఆమె తక్కువ నేర్చుకుంటుంది. తక్కువ నేర్చుకుంది కాబట్టి మళ్లీ వెనక్కే వెళుతుంది.

*రంగు.* 2024 మార్చిలో కేరళలో ఒక సీనియర్ నర్తకి, నల్లగా ఉన్న మగవాళ్లు మోహినియాట్టం ఆడకూడదన్న అర్థంలో మాట్లాడినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఆ మాటలు దళిత నర్తకుడు ఆర్‌ఎల్‌వి రామకృష్ణన్‌ను ఉద్దేశించినవని అందరికీ అర్థమైంది. ఆయన పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత కేరళ కళామండలంలోనే భరతనాట్యం అధ్యాపకుడిగా చేరారు. డాక్టరేట్ ఉన్న కళాకారుడికే ఈ మాట పడితే, మేకప్ డబ్బా ముందు కూర్చున్న ఆరేళ్ల పిల్లకు ‘ఇంకో పూత వేయాలి’ అన్న మాట ఎలా తగులుతుందో ఊహించవచ్చు.

*చేయి.* నాట్యం తాకకుండా నేర్పలేని విద్య. మోచేయి ఎత్తాలంటే టీచర్ పట్టుకుని ఎత్తాలి. ఏ పిల్లను చేత్తో సరిదిద్దుతున్నారు, ఏ పిల్లను తాళం వేసే కర్రతో చూపిస్తున్నారు? వలయం కట్టినప్పుడు ఎవరి చేయి పట్టుకోవడానికి పక్క పిల్ల వెనకాడుతోంది? అంటరానితనం ఈ వయసులో మొదట కనిపించే చోటు ఇదే.

*ప్రార్థన.* శాస్త్రీయ నృత్యం క్లాసు చాలాచోట్ల నటరాజ విగ్రహానికి నమస్కారంతో, గురువు పాదాలకు దండంతో మొదలవుతుంది. క్రైస్తవ, బౌద్ధ దళిత కుటుంబాల పిల్లలు ఇక్కడే మొదట ఇబ్బంది పడతారు.

*ఖర్చు.* నెల ఫీజుతో మొదలై దుస్తులు, నగలు, మేకప్, హాలు, వాద్య బృందం వరకూ వెళుతుంది. రంగప్రవేశం చేయించలేని కుటుంబం పిల్లను మధ్యలో మానిపిస్తుంది. దాన్ని ‘ఆసక్తి లేదు’ అని రాసుకుంటారు.

*పాత్ర.* నృత్యరూపకంలో దేవుడు, రాణి ఎవరు? రాక్షసుడు, నౌకరు ఎవరు? పేర్ల జాబితా పక్కన పెట్టి చూస్తే చాలు.

నేర్చుకునే హక్కు, కాదనే హక్కు

డప్పును బడికి తీసుకురావాలని అన్నంత మాత్రాన సమస్య తీరదు. చావుకు, జాతరకు, ఊరి చాటింపుకు డప్పు కొట్టడం మాదిగల మీద కులం రుద్దిన వెట్టి. గుప్పెడు గింజలకో, ఏమీ లేకుండానో కొట్టాలి. కొట్టం అని చెప్పిన వాడలు సాంఘిక బహిష్కరణను ఎదుర్కొన్నాయి. డప్పు పక్కన పెట్టి పలక పట్టుకోవాలన్నది ఒక తరం తీసుకున్న రాజకీయ నిర్ణయం. దాన్ని గౌరవించాలి.

మరో దారి కూడా తెరుచుకుంది. జననాట్యమండలి వేదికల మీద డప్పు పోరాట గొంతైంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా, ఊరి చాటింపు పేరునే ఉద్యమం పేరు చేసుకుంది. తెలంగాణ ఉద్యమంలో ధూం ధాం వేదికలకు డప్పే ప్రాణం. అవమానపు గుర్తును ఆత్మగౌరవపు గుర్తుగా మార్చుకున్నది ఆ కులాల వాళ్లే.

కాబట్టి బడిలో రెండు తప్పులు జరగవచ్చు. ఒకటి, డప్పును లోపలికి రానివ్వకపోవడం. రెండోది మరింత తియ్యగా ఉంటుంది: ‘మీకు పుట్టుకతోనే వచ్చింది కదా’ అంటూ మాదిగ పిల్లవాడి చేతికి డప్పు ఇచ్చి, పక్క పిల్లకు కూచిపూడి దుస్తులు ఇవ్వడం. పుట్టుకతో ఎవరికీ దరువు రాదు. అది సాధనతో వచ్చే విద్య. ఆ మాట అన్న టీచర్ ఆ పిల్లవాడి శ్రమను చెరిపేసి, కులవృత్తిని మళ్లీ అతని మెడకు తగిలించినట్టే.

దీనికి పాటించదగిన నియమం సులువైనదే. డప్పు నేర్పితే క్లాసులో అందరికీ నేర్పాలి, రెడ్డి పిల్లకూ బ్రాహ్మణ పిల్లకూ సహా. అభినయం నేర్పితే అదీ అందరికీ నేర్పాలి. ఏ పిల్ల అయినా వద్దంటే, ఏ ఇల్లయినా వద్దంటే కారణం అడగకుండా ఒప్పుకోవాలి. నేర్పడానికి వచ్చిన కళాకారుడికి గౌరవ వేతనం ఇవ్వాలి, కుర్చీ వేయాలి, పిల్లలు ఆయన్ను ‘సార్’ అనో ‘మాస్టారూ’ అనో పిలవాలి.

మూడు నుంచి ఎనిమిదేళ్లు: శరీరం ఏం చేయగలదు

2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్లను ఒకే దశగా చూస్తుంది. ఆటే ఈ వయసుకు చదువు. మన అంగన్‌వాడీల్లో, ప్రాథమిక బడుల్లో పాడించే అభినయ గేయాలు ఇప్పటికే నాట్య పాఠాలు. ఊరి పిల్లల ఆటలు కూడా అంతే.

మూడు, నాలుగేళ్ల పిల్లలు ఇచ్చిన తాళానికి స్థిరంగా అడుగు వేయలేరు. వాళ్ల సొంత వేగం పెద్దల వేగం కంటే ఎక్కువ. అందుకే టీచరే డప్పుతోనో చప్పట్లతోనో వాళ్ల వేగానికి వెళ్లాలి. దరువు మోగితే కదలడం, ఆగితే బొమ్మలా నిలబడిపోవడం, ఏనుగులా బరువుగా, పిట్టలా తేలికగా నడవడం ఈ వయసుకు సరిపోతాయి. ఇరవై నిమిషాలు చాలు.

ఐదారేళ్లకు చెమ్మచెక్కలో చేతులు అడ్డంగా మారుస్తూ చప్పట్లు కొట్టడం కుదురుతుంది. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు నిలుస్తుంది. ఒప్పులకుప్పలో ఎదుటి మనిషి బరువును నమ్మి వెనక్కి వాలడం వస్తుంది. చేతులు గట్టిగా పట్టుకోకపోతే ఒప్పులకుప్ప తిరగదు. జంటలను టీచరే ప్రతిరోజూ మారిస్తే, ఎవరి చేయి పట్టుకోవాలో పిల్లలు ఎంచుకునే అవకాశం ఉండదు. అంటరానితనం మీద ఉపన్యాసం ఇచ్చే వయసు కాదిది, కలిసి తిరిగే వయసు.

ఏడు, ఎనిమిదేళ్లకు దరువు లెక్క, వరుస నుంచి వలయంలోకి మారడం, చిన్న కథను ముఖంతో చేతులతో చెప్పడం నేర్పవచ్చు. అరమండి ఇప్పుడు కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు. పాదాలు పక్కకు తిరగడం తుంటి కీలు నుంచి రావాలి. పాదాలను బలవంతంగా తిప్పితే భారం మోకాళ్ల మీద పడుతుంది. గట్టి సిమెంటు నేల మీద మడమతో ఎక్కువసేపు తొక్కించకూడదు. మట్టి నేల, చాప, లేదా చెక్క నేల మంచిది. డప్పును మంట దగ్గర కాపే పని పెద్దలే చేయాలి. చర్మం బదులు ఫైబర్ వాడిన డప్పులకు కాపే అవసరం ఉండదు.

ఇంకో సంగతి తిండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. కాళ్లు లాగుతున్నాయని కూర్చున్న పిల్లను బద్ధకస్తురాలు అనకూడదు. ఆ పూట ఏం తిన్నదో కనుక్కోవాలి.

చట్టం ఏం చెబుతుంది

విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 17 బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధిస్తుంది. కర్రతో కొట్టడం, రంగు గురించి ఎగతాళి చేయడం దీని కిందికి వస్తాయి. బలహీన, వెనుకబడ్డ వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూసే బాధ్యతను సెక్షన్లు 8, 9 ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టాయి. అయితే ఈ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి. అంగన్‌వాడీ వయసు దీని బయటే ఉంది. చట్టం షెడ్యూలులో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడి ప్రస్తావన 6 నుంచి 8 తరగతులకే, అదీ 100 మందికి పైగా పిల్లలున్న బడికే ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు లేదు. మార్చమని అడగాల్సిన అంశాల్లో ఇది ఒకటి.

రాజ్యాంగంలోని 28(3) అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే విద్యాసంస్థలో పిల్లను సంరక్షకుల సమ్మతి లేకుండా మతారాధనలో పాల్గొనమని బలవంతం చేయకూడదు. ప్రైవేటు నాట్యం క్లాసుకు ఇది నేరుగా వర్తించదు. బడిలో జరిగే క్లాసుకు వర్తిస్తుంది. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెట్టి చేయించడాన్ని, బహిరంగంగా కులం పేరుతో అవమానించడాన్ని నేరాలుగా చూస్తుంది. ఎస్సీ, ఎస్టీ స్త్రీని దేవదాసిగా అంకితం చేయడం కూడా అందులో నేరమే.

అడగాల్సిన ప్రశ్నలు

బడి యాజమాన్య కమిటీ సమావేశంలోనో, తల్లిదండ్రుల సమావేశంలోనో ఈ ప్రశ్నలు అడగవచ్చు:

– వరుసలు ప్రతి క్లాసులో మారుతున్నాయా? ముందు వరుసలో ఈ నెల ఎవరెవరు నిలబడ్డారు?
– వార్షికోత్సవం దుస్తుల ఖర్చు ఎవరిది? కట్టలేని పిల్లను తప్పించారా?
– మేకప్‌లో రంగు మార్చే పూతలు వాడుతున్నారా?
– ప్రార్థనకు దూరంగా ఉండే వీలు ఉందని తల్లిదండ్రులకు చెప్పారా?
– జానపద అంశానికి పిల్లలను ఎలా ఎంచుకున్నారు? శాస్త్రీయ అంశానికి ఎలా ఎంచుకున్నారు?
– ఊళ్లోని డప్పు, చిందు, కోలాటం కళాకారుల్లో ఒక్కరినైనా నేర్పడానికి పిలిచారా? పిలిస్తే ఎంత ఇచ్చారు?
– వీడియోలు ఎక్కడ పెడుతున్నారు? తల్లి ఒప్పుకుందా?

ఈ ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకోవాలి. మొదటిసారి అడిగినప్పుడు ‘మా దగ్గర కులం లేదు’ అన్న మాట వస్తుంది. దానికి వాదన అక్కర్లేదు. రెండు మూడు వార్షికోత్సవాల ఫొటోలు బల్ల మీద పరిచి, ముందు వరుసలో ఉన్న పిల్లల పేర్లు, డప్పు పట్టుకున్న పిల్లల పేర్లు చదవమనండి. మాట అక్కడినుంచి మొదలవుతుంది.